కుటుంబ క్రిస్మస్: ఆచారాలు, ఒత్తిళ్లు

నిర్వచనం, పరిధి

యేసుక్రీస్తు పుట్టుకను స్మరించుకుంటూ ఏటా డిసెంబరు 25న చేసుకునే పండగ క్రిస్మస్. అర్మేనియా అపొస్తలిక సంఘం దీన్ని జనవరి 6న చేస్తుంది. పాత క్యాలెండర్లను పాటించే రష్యా, సెర్బియా, ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘాలకు ఇది జనవరి 7న వస్తుంది. చర్చిలో జరిగే ఆరాధన, దాని వెనక ఉన్న వేదాంతం ఈ వ్యాసం పరిధిలోకి రావు. ఇంట్లో జరిగే క్రిస్మస్ ఇక్కడి విషయం. వంట, కొత్తబట్టలు, చెట్టు, కానుకలు, చుట్టాలు, ప్రయాణాలు ఒకవైపు, వాటితో పాటు వచ్చే ఖర్చు, అలసట, మనస్పర్థలు, ఒంటరితనం మరోవైపు.

ఈ రెంటినీ ఒకే వ్యాసంలో చెప్పడానికి కారణం ఉంది. పండగ ఒత్తిడి బయటినుంచి వచ్చి పడేది కాదు, పండగ అమరికలోనే ఉంది. వాయిదా వేయడానికి వీల్లేని ఒకే తేదీ, అందరూ చేరాల్సిన ఒకే ఇల్లు, చాలా ఇళ్లలో ఒకే మనిషి చేతి మీదుగా సాగే పని, ఈ మూడూ కలిసిన చోట ఒత్తిడి పుట్టక తప్పదు. పండగ వీధిలోంచి ఇంట్లోకి వచ్చిన కొద్దికాలానికే దాని మీద ఫిర్యాదులూ మొదలయ్యాయని చరిత్ర చూస్తే తెలుస్తుంది.

చరిత్ర: వీధి పండగ ఇంటి పండగ అయిన తీరు

డిసెంబరు 25న రోములో ఈ పండగ చేసినట్టు తొలి ఆధారం 354 నాటి ఒక పంచాంగంలో దొరుకుతుంది. అందులోని వివరాలు 336 నాటివని పండితుల లెక్క. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా యూరప్‌లో క్రిస్మస్ అంటే చర్చిలో పూజ, వీధిలో సందడి. తాగి గుంపులుగా దొరల ఇళ్లకు వెళ్లి, పాటలు పాడి, తిండీ తాగుడూ అడిగి పుచ్చుకోవడం ఇంగ్లండులో మామూలే. ఇవ్వకపోతే గొడవ.

ఈ అల్లరి, ప్రొటెస్టెంటుల్లో కఠిన నియమాలు పాటించే ప్యూరిటన్లకు గిట్టలేదు. బైబిల్లో ఈ తేదీ లేదన్నది వారి ప్రధాన వాదన. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దు చేసింది. ఆ ఏడాది పండగనాడు కాంటర్బరీలో దుకాణాలు తెరిపించబోతే జనం తిరగబడ్డారు. 1660లో రాజరికం తిరిగి రావడంతో పండగా తిరిగి వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్ బే వలస రాజ్యం 1659లో చట్టం చేసి, క్రిస్మస్ చేసుకున్నవారికి 5 షిల్లింగుల జరిమానా పెట్టింది. అది 1681 దాకా అమల్లో ఉంది. స్కాట్లండులోనైతే డిసెంబరు 25 ప్రభుత్వ సెలవు కావడానికి 1958 దాకా ఆగాల్సి వచ్చింది.

నేడు ప్రపంచమంతా గుర్తుపట్టే కుటుంబ క్రిస్మస్ 19వ శతాబ్దపు సరుకు. అమెరికన్ చరిత్రకారుడు స్టీఫెన్ నిసెన్‌బామ్ ఈ మార్పును వివరంగా రాశాడు. నగరాలు పెరిగి, కూలీల గుంపులంటే మధ్యతరగతికి బెదురు పుట్టిన రోజుల్లో, పండగను తలుపులు వేసుకుని పిల్లల చుట్టూ తిప్పుకోవడం మొదలైంది. అంతకుముందు బీదవాడు దొర ఇంటి ముందు చేయి చాచేవాడు. ఇప్పుడు ఆ చోటులోకి సొంత పిల్లవాడు వచ్చాడు.

జర్మన్ ఇళ్లలో అప్పటికే ఉన్న క్రిస్మస్ చెట్టు ఈ మార్పుకు గుర్తుగా నిలిచింది. 1848లో విక్టోరియా రాణి, ఆల్బర్ట్ యువరాజు పిల్లలతో కలిసి చెట్టు చుట్టూ నిలబడ్డ చిత్రాన్ని ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ అచ్చువేసింది. రెండేళ్లకు అమెరికాలో ‘గోడీస్ లేడీస్ బుక్’ అదే చిత్రాన్ని మళ్లీ వేసింది, రాణి తలమీది కిరీటాన్నీ ఆల్బర్ట్ మీసాలనూ చెరిపేసి. రాజకుటుంబం కాస్తా మామూలు అమెరికన్ సంసారమైంది. 1882లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లో తన ఇంటి చెట్టుకు 80 విద్యుత్ బల్బులు చుట్టాడు. మంచో చెడో, పక్కింటివారి కరెంటు దీపాలు లెక్కపెట్టుకోవడం అక్కడినుంచే మొదలైందనుకోవచ్చు.

1843 ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన ఏడాది. ఆంగ్ల రచయిత డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కేరల్’ ఆ డిసెంబరు 19న వెలువడి, తొలి ముద్రణ 6,000 ప్రతులు పండగలోపే అమ్ముడుపోయాయి. మొదటి వాణిజ్య క్రిస్మస్ కార్డు కూడా ఆ ఏడాదిదే. ఒక పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి వచ్చాక లండనులో హెన్రీ కోల్ అనే అధికారికి ఉత్తరాలు కుప్పలుగా పడుతుండేవి. అందరికీ జవాబులు రాసే తీరిక లేక, చిత్రకారుడు జాన్ హార్స్‌లీ చేత బొమ్మ గీయించి 1,000 కార్డులు అచ్చు వేయించాడు. కార్డు వెల ఒక షిల్లింగు. బొమ్మలో చంటిపిల్లకు కూడా వైను తాగిస్తున్నారని విమర్శలొచ్చాయి. పండగ పని తగ్గించుకోవడానికి పుట్టిన ఈ కార్డే అర్ధశతాబ్దం తిరక్కముందే ఇంటింటా ఒక కొత్త పని అయి కూర్చుంది.

ఇళ్లలో ఆచారాలు: కొన్ని దేశాల తీరు

కుటుంబ క్రిస్మస్ ఎక్కడా ఒకేలా లేదు. జర్మనీలోనూ ఉత్తర యూరప్‌లోనూ 24 సాయంత్రమే అసలు పండగ. కానుకలు ఆ రాత్రే విప్పుతారు. బ్రిటన్, అమెరికాల్లో పిల్లలు 25 తెల్లవారే దాకా ఆగాలి. నాలుగు ఆదివారాల ముందునుంచి ఎదురుచూసే ఆగమన కాలానికి గుర్తుగా ఆకులతో అల్లిన చక్రంలో కొవ్వొత్తులు వెలిగించే ఆచారాన్ని 1839లో హాంబర్గ్‌లో యోహాన్ విషెర్న్ అనే పాస్టర్ మొదలుపెట్టాడు. తన ఆశ్రమంలోని పేద పిల్లలు ఇంకెన్ని రోజులు, ఇంకెన్ని రోజులు అని రోజూ అడుగుతుంటే దినానికో కొవ్వొత్తి లెక్క చూపించాడు.

పోలండులో 24 రాత్రి ఆకాశంలో మొదటి చుక్క కనిపించే వరకు భోజనానికి కూర్చోరు. మాంసం లేని 12 వంటకాలు, ‘ఒప్లాటెక్’ అనే పల్చటి అప్పాన్ని ఒకరి చేతిలోది మరొకరు విరిచి తినడం, అనుకోని అతిథి కోసం బల్ల దగ్గర ఒక కంచం ఖాళీగా ఉంచడం అక్కడి పద్ధతి. ఫిలిప్పీన్స్‌లో పండగ గాలి సెప్టెంబరులోనే వీస్తుంది. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారుజాము పూజలు, 24 అర్ధరాత్రి ఇంట్లో విందు. ఐస్‌లాండులో 24న పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఇథియోపియాలో పండగకు ముందు నలభై రోజులకు పైగా ఉపవాసం ఉంటుంది.

ఐర్లండు ఆచారం ఒకటి ఈ వ్యాసానికి మరీ దగ్గరిది. జనవరి 6ను అక్కడ, ముఖ్యంగా కార్క్, కెర్రీ ప్రాంతాల్లో, ఆడవాళ్ల క్రిస్మస్ అంటారు. పండగ పన్నెండు రోజులూ వండి వార్చిన స్త్రీలు ఆ రోజు బయటికి వెళ్లి స్నేహితురాళ్లతో గడుపుతారు, ఇంటిపని మగవాళ్లు చూడాలి. పండగ బరువు ఎవరి భుజాల మీద పడుతుందో ఒక సమాజం పంచాంగంలోనే రాసుకున్న అరుదైన సందర్భం ఇది.

భారతదేశంలో గోవా ఇళ్లు దోదోల్, నెవ్రియో, బెబింకా వంటి ‘కుస్వార్’ పిండివంటలను పళ్లాల్లో సర్ది ఇరుగుపొరుగుకు పంచుతాయి. కేరళలో ఉపవాసం విడిచాక అప్పం, ఇష్టూ. ఆంగ్లో ఇండియన్ల కుల్‌కుల్స్, తెలుగువారి గవ్వలు ఆకారంలోనూ తయారీలోనూ అక్కాచెల్లెళ్లే.

తెలుగు ఇళ్లలో క్రిస్మస్

తెలుగునాట ప్రొటెస్టెంటు మిషన్ల పని 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు విశాఖపట్నం రావడంతో మొదలైంది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. 1866లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876-78 కరవు దరిమిలా, 1878 జులైలో ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చినట్టు ఆ మిషన్ చరిత్ర చెబుతుంది. తెలంగాణలో ఈ పండగకు మెదక్ చర్చి కేంద్రం. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరవు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరికేలా కట్టించిన ఈ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 173 అడుగుల గోపురం ఉన్న ఈ ఆలయానికి పండగనాడు తెల్లవారుజాము ఆరాధన నుంచే జనం పోటెత్తుతారు. వచ్చేవారిలో క్రైస్తవులు కానివారూ చాలామంది.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 11 లక్షల పైచిలుకు, జనాభాలో 1.34 శాతం. పండగనాడు చర్చిల్లో కనిపించే జనానికీ ఈ లెక్కకూ పొంతన కుదరదని తరచు అంటుంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే వర్తిస్తుంది. కాగితం మీది మతం ఒకటి, ఆదివారం వెళ్లే చోటు మరొకటి అయిన కుటుంబాలు ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. (చూడండి: దళిత క్రైస్తవులు)

తెలుగు సంఘాల్లో పండగ 25న మొదలవదు. డిసెంబరు తొలివారం నుంచే సెమీ క్రిస్మస్‌లు. సండే స్కూలుకొకటి, యూత్‌కొకటి, స్త్రీల సమాజానికొకటి, ఆఫీసులో ఒకటి, అపార్టుమెంటులో ఒకటి. ఇంటిమీద వెదురుబద్దలతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన స్టారు వెలుగుతుంది. వాకిట్లో ముగ్గు మధ్యన ‘హ్యాపీ క్రిస్మస్’ అని రంగులు నింపుతారు. పల్లెల్లో చర్చికి సున్నం వేసి రంగుకాగితాల తోరణాలు కడతారు. కథోలికుల ఇళ్లలో పశువుల పాక బొమ్మలు పేరుస్తారు, వారికి 24 అర్ధరాత్రి పూజ ముఖ్యం. ప్రొటెస్టెంటు సంఘాల్లో 25 ఉదయం ఆరాధన, చాలాచోట్ల దాని తర్వాత ప్రేమ విందు. 31 రాత్రి వాచ్‌నైట్ సర్వీసు, కొత్త సంవత్సరపు వాగ్దాన వచనం వరకు ఈ వరస సాగుతుంది.

క్యారల్స్ సంగతి వేరే చెప్పాలి. యూత్ వాళ్లు ఆటోలో కీబోర్డు, డోలక్ పెట్టుకుని, ఎర్రకోటు తొడిగిన క్రిస్మస్ తాతను వెంటేసుకుని రాత్రిళ్లు ఇంటింటికీ తిరుగుతారు. సంఘంలో ఎన్ని గడపలుంటే అన్నీ తొక్కాలి. రెండు పాటలు, ఒక ప్రార్థన, ఇంటివారి చేతి టీ, కేకు ముక్క, సంఘానికి కానుక. తొమ్మిదింటికి వస్తామన్నవారు పన్నెండున్నరకు రావడం సాధారణం. అప్పటిదాకా పిల్లలు సోఫాలోనే నిద్రపోతారు, ఇల్లాలు టీ గిన్నెను మళ్లీ మళ్లీ పొయ్యి మీదకు ఎక్కించి దించుతూ కూర్చుంటుంది. తమ ఇంటికి రాకుండా పక్కింటి దాకా వచ్చి వెళ్లారంటే మాత్రం ఆ మాట ఈస్టరు వరకూ నానుతుంది.

పిండివంటలు: వంటింటి గడువు

తెలుగు క్రైస్తవుల పండగ వంటకాలు చాలావరకు సంక్రాంతివే: అరిసెలు, జంతికలు, కజ్జికాయలు, సున్నుండలు, గవ్వలు. వీటికి తోడు గులాబీ పువ్వులు, ఇప్పుడు బేకరీ ప్లమ్ కేకు. మధ్యాహ్నం బిర్యానీ.

గులాబీ పువ్వులకు మైదా, బియ్యప్పిండి, పంచదార, గుడ్డు, కొన్ని ఇళ్లలో కొబ్బరిపాలు కలిపి జారుగా పిండి చేస్తారు. పొడవాటి కాడ ఉన్న అచ్చును ముందు నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. అచ్చు పైఅంచు దాటి పిండి పట్టిందా, పువ్వు ఇక ఊడిరాదు. మొదటి నాలుగైదు ఎలాగూ అంటుకుపోతాయి, వాటిని పిల్లలు కాచుకుని ఉంటారు. స్వీడన్, నార్వే ఇళ్లలోనూ ఇలాంటి అచ్చుతోనే ఇలాంటి పువ్వులే క్రిస్మస్‌కు వేస్తారు.

అరిసెల లెక్క ఇంకా కఠినం. బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. ఆ తడిపిండి ఆరిపోతే అరిసె గట్టిపడుతుంది కనుక పాకం ఆ పూటే పట్టాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి, కాస్త లేతైతే నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయి. ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు చెక్కల మధ్య నూనె వత్తాలి. సగం ఈవేళ, సగం రేపు అని వాయిదా వేసే వీలు ఇందులో లేదు. తోటికోడళ్లూ ఆడపడుచులూ ఉన్న ఇంట్లో ఇది ఒక సాయంత్రపు కాలక్షేపం. ఉద్యోగం చేసుకుంటూ ఫ్లాటులో ఒక్కతే ఉన్నామెకు అదే పని నడుము విరుస్తుంది. పచ్చళ్ల దుకాణాల్లో, ఇంటివద్ద వండి అమ్మేవారి దగ్గర అరిసెలు కిలోల్లెక్కన కొనడం పెరగడానికి కారణం రుచి మారడం కాదు, చేతులు తగ్గడం.

ఒత్తిడికి మూలాలు

పని పంపకం. అమెరికన్ మానవశాస్త్రవేత్త మికేలా డి లియొనార్డో 1987లో రాసిన వ్యాసంలో, కార్డులు పంపడం, ఫోన్లు చేయడం, పండగ భోజనాలు ఏర్పాటు చేయడం వంటి వాటిని చుట్టరికాన్ని నిలబెట్టే పనిగా గుర్తించింది. దీనికి జీతం లేదు, పేరు లేదు, చేసేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే. భర్త తరఫు చుట్టాలకు కూడా కార్డులు రాసేది భార్యే. ఆమె మానేసిన ఇళ్లలో ఆ బంధుత్వాలు పలచబడటం కూడా ఆ పరిశీలనలో తేలింది. తెలుగు ఇంట్లో కార్డు స్థానంలో వాట్సాప్ సందేశం వచ్చింది. ఎవరికి చీర పెట్టాలి, ఏ బాబాయి మనసు నొచ్చుకుంది, ఎవరు ఏది తినరు అన్న చిట్టా మాత్రం ఇంకా ఇల్లాలి తలలోనే ఉంటుంది.

రాయని నియమాలు. సామాజిక శాస్త్రవేత్త థియొడోర్ కాప్లో అమెరికాలోని మన్సీ పట్టణంలో క్రిస్మస్ కానుకల తీరును అధ్యయనం చేసి 1984లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. కానుకను కాగితంలో చుట్టే ఇవ్వాలి, భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చేది అన్నిటికన్నా విలువైనదిగా ఉండాలి, పిల్లల మధ్య తేడా రాకూడదు. ఈ నియమాలు ఎవరూ రాసిపెట్టలేదు, తప్పినవారికి శిక్షా లేదు. అయినా దాదాపు అందరూ పాటించారు. మన దగ్గర పెట్టుపోతలకు ఇవే సూత్రాలు వర్తిస్తాయని వేరే చెప్పనక్కరలేదు. పెద్దల్లుడికి పెట్టిన ప్యాంటుగుడ్డ, చిన్నల్లుడికి పెట్టిన ప్యాంటుగుడ్డ ఒకే తానులోంచి రావాలి.

డబ్బు. ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో అమెరికా విద్యార్థులను అడిగి, కానుకలకు ఇచ్చేవారు పెట్టిన ధరలో పదోవంతు నుంచి మూడోవంతు దాకా పుచ్చుకునేవారి లెక్కలో వృథా అని తేల్చాడు. ప్రేమకు లెక్కలేమిటని తోటి ఆర్థికవేత్తలే అభ్యంతరం చెప్పారు. ఖర్చు తట్టుకోవడానికి పుట్టిన ఏర్పాట్లు అంతకన్నా పాతవి. 1909లో అమెరికాలోని కార్లైల్ పట్టణంలో ఒక బ్యాంకు, వారం వారం కొంత కట్టించుకుని పండగ ముందు తిరిగిచ్చే క్రిస్మస్ క్లబ్ పెట్టింది. మన బజార్లలో పండగ చీటీ కట్టడం ఇలాంటిదే. ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. 2006 అక్టోబరులో బ్రిటన్‌లో ఫేర్‌పాక్ అనే పొదుపు సంస్థ దివాలా తీసి, ఏడాదంతా కూడబెట్టుకున్న లక్షకు పైగా బీద కుటుంబాలు పండగ ముందు వట్టి చేతులతో మిగిలాయి. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 1975లో చట్టం చేసి, యజమానులు డిసెంబరు 24లోగా పదమూడో నెల జీతం ఇచ్చితీరాలంది.

తెలుగు కుటుంబానికి అదనపు లెక్క ఒకటుంది. ఖరీఫ్ వరి నూర్పిడి డబ్బు చేతికొచ్చే కాలమే క్రిస్మస్‌ది కావడం కొంత నయం. కానీ మూడు వారాలు తిరక్కుండా సంక్రాంతి వస్తుంది. రెండు మతాల చుట్టరికమున్న ఇళ్లలో బట్టలు రెండుసార్లు, ప్రయాణాలు రెండుసార్లు. బడి సెలవులూ చిక్కే. మిషనరీ బడులకు క్రిస్మస్ సెలవులెక్కువ, మిగతా బడులకు సంక్రాంతి సెలవులెక్కువ. ఒకే ఇంటి పిల్లలు రెండు రకాల బళ్లలో చదువుతుంటే అమ్మమ్మ గారి ఊరికి ఎప్పుడు బయల్దేరాలో తేలదు. 26న కూడా సాధారణ సెలవు ఇవ్వడం తెలంగాణ ఉద్యోగులకు తిరుగు ప్రయాణంలో కొంత ఊరట.

ఎవరి ఇంట్లో, ఎలా. పెళ్లయిన జంట ఎవరి వైపు వెళ్లాలన్నది అన్ని దేశాల్లో ఉన్న తగువే. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య పిల్లలు ఒక ఏడు ఒకరి దగ్గర, మరో ఏడు మరొకరి దగ్గర గడిపేలా పాశ్చాత్య దేశాల్లో ఒప్పందాలు రాసుకుంటారు. పండగను తట్టుకోలేక సంసారాలు విరిగిపోతాయన్న ప్రచారాన్ని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో వేరే కోణంలోంచి చూశారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2001-2015 మధ్య విడాకుల అర్జీలు మార్చి, ఆగస్టు నెలల్లో ఎక్కువగా పడ్డాయి. ఈసారి పండగకైనా అంతా బాగుపడుతుందని ఆశపడి, అది జరగక, కాస్త ఆగి కోర్టుకెక్కుతారన్నది వారి వివరణ.

తెలుగునాట దీనికి శాఖాభేదాలు తోడవుతాయి. క్రిస్మస్ చేయని క్రైస్తవులున్నారు. బ్రదరెన్ సంఘాల్లో కొన్ని, యెహోవా సాక్షులు ఈ పండగకు బైబిల్లో ఆధారం లేదంటారు. ప్యూరిటన్ల వాదన ఇంకా బతికే ఉందన్నమాట. అలాంటి ఇంటి అమ్మాయి లూథరన్ ఇంటి కోడలైతే, స్టారు కట్టే రోజు నుంచీ సర్దుబాటే. ఒకే ఇంట్లో అత్తగారు తులసికోటకు దీపం పెట్టి, కోడలు చర్చికి వెళ్లే కుటుంబాలూ తక్కువేమీ కాదు. ఎక్కువచోట్ల అరిసెలు అందరికీ ఒకటే కావడంతో పని గడిచిపోతుంది. పేచీ వచ్చేది సాధారణంగా ప్రసాదం దగ్గర, పిల్లల నుదుటి బొట్టు దగ్గర.

ఆరోగ్యంపై ప్రభావం

1967లో అమెరికన్ మనోవైద్యులు హోమ్స్, రాహే తయారుచేసిన జీవిత ఘటనల ఒత్తిడి పట్టికలో 43 అంశాలున్నాయి. జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు. క్రిస్మస్‌కూ అందులో చోటుంది, 12 మార్కులు, చిన్నపాటి చట్ట ఉల్లంఘన కన్నా ఒకటెక్కువ.

గుండెకు సంబంధించిన ఆధారాలు బలమైనవి. స్వీడన్‌లో 1998 నుంచి 2013 వరకు నమోదైన 2,83,014 గుండెపోట్లను పరిశీలించి 2018లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, డిసెంబరు 24న ఆ ముప్పు 37 శాతం ఎక్కువ. రాత్రి 10 గంటల ప్రాంతంలో అది తారస్థాయికి చేరింది. 75 ఏళ్లు పైబడినవారిలో, మధుమేహం, అంతకుముందే గుండెజబ్బు ఉన్నవారిలో ప్రభావం స్పష్టంగా కనిపించింది. అక్కడ 24వ తేదీయే అసలు పండగ. మితిమీరిన తిండి, మద్యం, మనసు కల్లోలం, చలి కారణాలు కావచ్చని వైద్యులు భావిస్తారు. వారాంతపు, పండగపు తాగుడు తర్వాత గుండె లయ తప్పడాన్ని అమెరికన్ వైద్యుడు ఫిలిప్ ఎటింగర్ 1978లోనే వర్ణించి, దానికి సెలవుల గుండెజబ్బు అని పేరు పెట్టాడు.

రెండు అపోహలను సరిదిద్దుకోవాలి. క్రిస్మస్ రోజుల్లో ఆత్మహత్యలు పెరుగుతాయన్న మాట పత్రికల్లో తరచు కనిపిస్తుంది. అమెరికా లెక్కల్లో అవి తక్కువగా ఉండే నెలల్లో డిసెంబరు ఒకటి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు అన్నెన్‌బర్గ్ కేంద్రం ఈ తప్పుడు వార్తలను ఏళ్లుగా లెక్కకట్టి ప్రకటిస్తోంది. అలాగని ఒంటరివారి బాధ తక్కువని కాదు. రెండోది బరువు. పండగలకు రెండు మూడు కిలోలు పెరుగుతామని జనం అనుకుంటారు. 2000లో 195 మంది అమెరికన్లను తూచిన అధ్యయనంలో సగటు పెరుగుదల 0.37 కిలో. అయితే ఆ కాస్తా ఏడాది తిరిగినా తగ్గలేదు.

దూరాన ఉన్నవారు

కోనసీమ, పశ్చిమ గోదావరి, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లిన తెలుగువారిలో క్రైస్తవులు గణనీయంగా ఉన్నారు. కువైట్‌లో క్రిస్మస్ పని దినమే. వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు ఆరాధనలు ఆ రోజు జరుగుతాయి, పండగా దాని ప్రకారమే సర్దుకోవాలి. సౌదీ అరేబియాలో బహిరంగంగా క్రైస్తవ ఆరాధన చేసే వీలు లేదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు సెలవు యజమానురాలి దయ. ఊళ్లో పిల్లల కొత్తబట్టలు, చర్చి కానుక, అమ్మగారి మందులు వీరు పంపిన డబ్బుతోనే. పండగ వారిది, పండగ చూసేది ఫోనులో.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలది ఇంకో చిక్కు. డిసెంబరు చివరి వారమే అక్కడ బడులకు సెలవులు, ఆ వారమే విమానం టిక్కెట్లు మండిపోతాయి, వీసా స్టాంపింగ్ తేదీ ఆ సెలవుల్లో దొరకాలి. (చూడండి: ప్రవాసాంధ్రులు)

తగ్గించుకునే ప్రయత్నాలు

పండగ భారాన్ని తగ్గించాలన్న ఉద్యమాలకు వందేళ్లు దాటాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికాలో ఫ్లోరెన్స్ కెల్లీ, పండగ ముందు అర్ధరాత్రి దాకా దుకాణాల్లో నిలబడే అమ్మాయిల తరఫున, పండగ సరుకులు ముందుగానే కొనుక్కోమని ప్రచారం చేసింది. 1912లో న్యూయార్క్‌లో ఎలినార్ బెల్మాంట్, ఆన్ మోర్గన్ కలిసి పనికిరాని కానుకల నివారణ సంఘం పెట్టారు. పైఅధికారికి బహుమతి కొనడానికి జీతంలోంచి డబ్బు వేసుకోవాల్సి వస్తున్న ఉద్యోగినులు దాని తొలి సభ్యులు. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో సంఘం చల్లబడింది.

చీట్లు తీసి ఒక్కొక్కరు ఒక్కరికే కానుక ఇచ్చే సీక్రెట్ శాంటా పద్ధతి ఇప్పుడు హైదరాబాదు ఆఫీసుల్లోనూ హాస్టళ్లలోనూ మామూలైంది. తెలంగాణ ప్రభుత్వం 2014 తర్వాత పేద క్రైస్తవులకు బట్టలు, విందు ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే దశాబ్దంలో చంద్రన్న క్రిస్మస్ కానుక పేరిట రేషను దుకాణాల ద్వారా సరుకుల సంచి ఇచ్చారు. ప్రభుత్వ సొమ్ముతో పండగలేమిటన్న విమర్శ రెండుచోట్లా వచ్చింది. రంజాన్, సంక్రాంతి, బతుకమ్మలకు ఇచ్చినప్పుడూ వచ్చిన విమర్శే అది.

ఆ ఏడాది ఇంట్లో మనిషి పోయినవారి కోసం పాశ్చాత్య సంఘాల్లో ‘బ్లూ క్రిస్మస్’ అనే ప్రత్యేక ఆరాధన పెడుతున్నారు. ఎక్కువగా డిసెంబరు 21న, ఏడాదిలో అతి దీర్ఘమైన రాత్రి. సందడి పాటలుండవు, పోయినవారి పేరున కొవ్వొత్తి వెలిగిస్తారు, ఏడవాలనిపిస్తే ఏడవచ్చు. తెలుగు సంఘాల్లో ఇలాంటి ప్రత్యేక ఆరాధన వ్యాప్తిలో లేదు. దుఃఖంలో ఉన్న ఇంటివారు చాలాచోట్ల ఆ ఏడు స్టారు కట్టరు, పిండివంటలు వండరు. ఇరుగుపొరుగు తెచ్చిపెడతారు. క్యారల్స్‌కు బయల్దేరిన యూత్ ఆ గడప దగ్గర డోలక్ ఆపి, పాస్టరుగారితో లోపలికి వెళ్లి ప్రార్థన మాత్రం చేసి వస్తారు.